గుండ్రటి డబ్బా ఎంత చూస్తుంది?

2012లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న రెజీనా వాల్కెన్‌బర్గ్ ఒక ఖాళీ బీరు డబ్బాకు సన్నటి బెజ్జం పెట్టి, లోపలి గోడ వెంబడి ఫోటో పేపరు అమర్చి, బేఫర్డ్‌బరీ అబ్జర్వేటరీలోని ఒక టెలిస్కోప్‌కి బిగించారు. తర్వాత దాని సంగతి మరుగున పడిపోయింది. 2020 సెప్టెంబరులో అక్కడి ఉద్యోగి ఒకరు దాన్ని విప్పి చూస్తే, 8 ఏళ్ల ఒక నెల కాలంలో సూర్యుడు ఆకాశాన గీసిన 2,953 చాపాలు పేపరు మీద వరసలు కట్టి ఉన్నాయి. అత్యంత ఎక్కువ కాలం ఎక్స్‌పోజ్ అయిన ఫోటో ఇదేనని పత్రికలు రాశాయి.

ఎనిమిదేళ్ల మాట అలా ఉంచి, ఆ ఫోటో వెడల్పు చూడాలి. లెన్సు లేదు, తిరిగే యంత్రం లేదు. అయినా ఆకాశం ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుచుకుని ఉంది. పిడికిట్లో పట్టే డబ్బా అంత మేర ఎలా చూడగలిగింది? పారేసే టిన్నులతో పిన్‌హోల్ కెమెరాలు తయారుచేసే వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. దీనికి సగం జవాబు తొమ్మిదో తరగతి రేఖాగణితంలో ఉంది. మిగతా సగం ఉప్పు కాగితంలో ఉంది.

చదును పేపరుకు మూడు నష్టాలు

ముందు బడిలో చేసే మామూలు అట్టపెట్టె కెమెరాను తీసుకుందాం. ముందు పలకకు బెజ్జం, వెనక పలకకు చదునుగా పేపరు. బెజ్జానికి తిన్నగా ఎదురున్న చోట బొమ్మ బాగానే వస్తుంది. పక్కలకు పోయేకొద్దీ చీకటి కమ్ముతుంది. కారణాలు మూడు. ఏటవాలుగా వచ్చే కిరణం ఎక్కువ దూరం ప్రయాణించాలి. దూరం పెరిగితే వెలుగు దూరపు వర్గం చొప్పున పడిపోతుంది. పక్కనుంచి చూస్తే బెజ్జం గుండ్రంగా ఉండదు, దీర్ఘవృత్తంలా సన్నబడి తక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. వచ్చిన ఆ కాస్త వెలుగూ పేపరు మీద ఏటవాలుగా పడి ఎక్కువ జాగాలో పలచబడుతుంది.

ఈ మూడూ కలిస్తే నష్టం కోణపు కొసైన్ నాలుగో ఘాతం చొప్పున ఉంటుంది. మధ్యలో పడే వెలుగును 1 అనుకుంటే, 45 డిగ్రీల పక్కన పడేది నాలుగో వంతు. 60 డిగ్రీల దగ్గర పదహారో వంతు. మధ్యభాగం సరిగ్గా రావాలని ఎక్స్‌పోజర్ ఇస్తే అంచులు రావు, అంచుల కోసం ఇస్తే మధ్యభాగం మాడిపోతుంది. పైగా పేపరు కూడా విపరీతంగా కావాలి. బెజ్జం నుంచి 66 మి.మీ. దూరాన చదును పేపరు పెట్టి అటు 60, ఇటు 60 డిగ్రీలు పట్టాలంటే దాదాపు 23 సెం.మీ. వెడల్పు ఉండాలి.

గోడకు బెజ్జం, గోడకే పేపరు

ఇప్పుడు 330 మి.లీ. కూల్‌డ్రింక్ టిన్ను తీసుకుందాం. వ్యాసం 66 మి.మీ., ఎత్తు 115 మి.మీ. పక్కగోడకు, సగం ఎత్తులో బెజ్జం. ఎదుటి గోడ వెంబడి, లోపలి వంపును అనుసరించి పేపరు. పైనుంచి చూస్తే ఇదొక వృత్తం. బెజ్జం ఆ వృత్తం మీదే ఒక బిందువు.

వృత్తంలో ఒక చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, అదే చాపం పరిధి మీద మరో బిందువు దగ్గర చేసే కోణానికి రెట్టింపు ఉంటుందని తొమ్మిదో తరగతిలో నేర్చుకున్నదే. యూక్లిడ్ మూడో పుస్తకంలో ఇది ఇరవయ్యో సిద్ధాంతం. బెజ్జం పరిధి మీదే ఉంది కాబట్టి, బయటి దృశ్యంలో ప్రతి 10 డిగ్రీలూ లోపలి గోడ మీద 20 డిగ్రీల చాపాన్ని ఆక్రమిస్తాయి. మధ్యలోనైనా అంచునైనా అంతే. 66 మి.మీ. టిన్నులో ఆ చాపం పొడవు 11.5 మి.మీ. అంటే టిన్నులోంచి తీసి పరిచిన పేపరు అడ్డంగా కోణాలు కొలిచే స్కేలు లాంటిది. ఇందాక 23 సెం.మీ. అడిగిన 120 డిగ్రీల దృశ్యం ఇక్కడ 14 సెం.మీ.లో సర్దుకుంటుంది.

వెలుగు లెక్క ఇంకా ముచ్చటైనది. గుండ్రటి గోడ పక్కలకు పోయేకొద్దీ బెజ్జానికి దగ్గరవుతుంది. మధ్యలో 66 మి.మీ. ఉన్న దూరం 60 డిగ్రీల దగ్గర సరిగ్గా సగం, 33 మి.మీ. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. అదే చోట బెజ్జం సన్నబడడం వల్ల సగం పోతుంది, పేపరు మీద ఏటవాలుగా పడడం వల్ల మరో సగం పోతుంది. నాలుగింతలు వచ్చింది, నాలుగో వంతుకు తగ్గింది. చెల్లుకు చెల్లు. ఈ చెల్లుబాటు 60 డిగ్రీలకే పరిమితం కాదు, ఏ కోణం దగ్గరైనా జరుగుతుంది. సగం ఎత్తులో పేపరు చుట్టూ గీత గీస్తే, ఆ గీత పొడవునా సమానమైన వెలుగే పడుతుంది.

ఇదే జ్యామితిని పరిశ్రమ వేరే పనికి వాడుకుంటోంది. ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద అచ్చువేసే ల్యూమెన్ల లెక్కను లోపలంతా తెల్లరంగు పూసిన బోలు గోళంలో కొలుస్తారు. ఇంగ్లండ్‌కు చెందిన సంప్‌నర్ 1892లో దీని సూత్రాన్ని చెప్పాడు. జర్మనీకి చెందిన ఉల్‌బ్రిక్ట్ 1900 నాటికి దాన్ని కొలత సాధనంగా మలిచాడు. గోళం లోపలి గోడలో ఏ చిన్న చోటు నుంచి వెదజల్లిన వెలుగైనా మిగతా గోడంతటా సమానంగా పడుతుంది. గోళంలో అన్ని దిక్కులా జరిగేది టిన్నులో ఒక్క నడుము గీత మీద జరుగుతుంది.

అయినా పక్కలు ఎందుకు నల్లబడతాయి?

లెక్క ఇంత చక్కగా ఉంటే ప్రతి టిన్నూ 180 డిగ్రీలు చూడాలి. చూడదు. చాలామంది తీసిన మొదటి ఫోటోల్లో మధ్యభాగం వచ్చి, రెండు పక్కలా చీకటి తెరలు దిగి ఉంటాయి. పై లెక్కంతా బెజ్జానికి మందం లేదనుకుని వేసింది. నిజమైన బెజ్జం రేకులో ఉంటుంది, రేకుకు మందం ఉంటుంది. మందమున్న బెజ్జమంటే పొట్టి గొట్టమే. గొట్టంలోంచి పక్కకు ఎంత చూడగలమన్నది దాని వెడల్పుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తి తేలుస్తుంది.

టిన్ను పక్కగోడ అల్యూమినియం మందం సుమారు 0.1 మి.మీ. అందులో 0.3 మి.మీ. బెజ్జం పెడితే వెడల్పు మందానికి మూడింతలు. అప్పుడు కిరణం పూర్తిగా ఆగిపోయే హద్దు మధ్య నుంచి 71.6 డిగ్రీలు, రెండు పక్కలూ కలిపి 143. కానీ హద్దు దాకా వెలుగు నిలకడగా ఉండి అక్కడ ఒక్కసారిగా ఆరిపోదు. బెజ్జం ముందు అంచు, వెనక అంచు ఒకదానికొకటి అడ్డుపడుతూ దారిని క్రమంగా మూస్తాయి. 45 డిగ్రీల దగ్గర 58 శాతం దారి తెరిచి ఉంటుంది. 60 డిగ్రీల దగ్గర 31 శాతమే మిగులుతుంది.

ఇప్పుడు అదే రేకును బెజ్జం చుట్టూ ఉప్పు కాగితంతో రుద్ది మందాన్ని సగానికి, అంటే 0.05 మి.మీ.కు తెస్తే? హద్దు 80 డిగ్రీలు దాటుతుంది. 60 డిగ్రీల దగ్గర తెరిచి ఉన్న దారి 31 నుంచి 64 శాతానికి పెరుగుతుంది. టిన్ను అదే, పేపరు అదే, బెజ్జం వెడల్పూ అదే. మారింది బెజ్జం అంచు పల్చదనం ఒక్కటే. గుండ్రటి డబ్బాలో దృశ్యం ఎంత మేర పడుతుందన్నది వృత్తం ఎప్పుడో తేల్చేసింది. ఆ మేరను నిజంగా అందుకోవడం బెజ్జం అంచు చేతుల్లో ఉంది.

అందుకే అలవాటైన వాళ్లు టిన్ను గోడకు సూటిగా సూది గుచ్చరు. వేరే టిన్నులోంచి రెండు వేళ్లంత ముక్క కత్తిరించి మందపాటి అట్ట మీద పెడతారు. సన్నటి కుట్టు సూదిని పెన్సిల్ రబ్బరులో గుచ్చి, నిటారుగా పట్టుకుని మెల్లగా నొక్కుతారు. రేకు చిరగకుండా వెనక వైపు చిన్న బొడిపె లేస్తుంది. ఆ బొడిపెను సన్నరకం ఉప్పు కాగితం మీద గుండ్రంగా రుద్దితే, దాని కొన అరిగి బెజ్జం దానంతటదే తెరుచుకుంటుంది. సూది మొనతో బెజ్జాన్ని సవరించి, మళ్లీ రుద్దుతారు. తర్వాత రేకును స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో స్కాన్ చేస్తే, 0.3 మి.మీ. బెజ్జం అడ్డంగా 14 పిక్సెళ్లు వస్తుంది. అంచున వెంట్రుకలా లేచిన లోహపు పొట్టు ఉంటే అదీ తెర మీద కనిపిస్తుంది. ఏటవాలు కిరణాలకు అడ్డం పడేది అదే. టిన్నుకు పెద్ద కంత చేసి, ఈ ముక్కను లోపలి వైపు నల్ల టేపుతో అతికిస్తారు.

పెద్ద డబ్బా ఎక్కువ చూస్తుందన్న మాట కూడా ఇక్కడే తేలుతుంది. బొమ్మ పదునుగా రావాలంటే పేపరు దూరానికి తగిన బెజ్జం ఉండాలి. మరీ పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది, మరీ చిన్నదైతే వివర్తనం వల్ల వెలుగు చెదురుతుంది. 1891లో లార్డ్ రాలీ ఈ లెక్క వేశాడు. ఆ కోవలో వాడుకలో ఉన్న సూత్రాల ప్రకారం 31 మి.మీ. వ్యాసమున్న పాత ఫిల్మ్ రీలు డబ్బాకు సుమారు 0.2 మి.మీ., కూల్‌డ్రింక్ టిన్నుకు 0.3, పది సెంటీమీటర్ల పాలపొడి డబ్బాకు 0.4 మి.మీ. సరిపోతాయి. మూడింటికీ అదే 0.1 మి.మీ. రేకు వాడితే రీలు డబ్బా 127 డిగ్రీలు, టిన్ను 143, పాలపొడి డబ్బా 152 డిగ్రీలు చూస్తాయి. పెద్ద డబ్బాకు పెద్ద బెజ్జం చెల్లుతుంది కాబట్టి అదే రేకు దానికి పల్చనై కూర్చుంది. రీలు డబ్బాకు 0.05 మి.మీ. రేకు పెడితే అదీ 152 డిగ్రీలు చూస్తుంది.

పేపరు ఎక్కడి దాకా?

సాధారణంగా దొరికే 5×7 అంగుళాల ఫోటో పేపరు పొడవు 178 మి.మీ. టిన్ను లోపలి చుట్టుకొలత 207 మి.మీ. నిలువున కొంత కత్తిరించి చుడితే బెజ్జానికి అటూ ఇటూ దాదాపు 15 మి.మీ. చొప్పున ఖాళీ మిగులుతుంది. ఆ పేపరు కొసలు మధ్య నుంచి 77 డిగ్రీల దాకా చేరతాయి. బెజ్జం హద్దు 71.6 డిగ్రీలైతే రెండు చివర్లా ఆరేడు మి.మీ. పేపరు తెల్లగానే మిగిలిపోతుంది. అంతకన్నా పొడుగు పేపరు చుట్టడం వృథా. పైగా పేపరు బెజ్జానికే అడ్డుపడే ప్రమాదం ఉంది.

నిలువు దిక్కు సంగతి వేరు. వృత్తం చేసిన మేలు అడ్డంగానే. పైకీ కిందికీ పాత కొసైన్ నాలుగో ఘాతమే రాజ్యమేలుతుంది. మధ్యలో పేపరు పై అంచు, కింది అంచు 41 డిగ్రీల దగ్గర ఉంటాయి. అక్కడ వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. పక్కల్లో గోడ బెజ్జానికి దగ్గరగా ఉండటంతో అదే పేపరు ఎత్తు ఇంకా ఎక్కువ కోణాన్ని చూస్తుంది. 60 డిగ్రీల దగ్గర పైకి 60, కిందికి 60 డిగ్రీలు. ఆ మూలలకు చేరే వెలుగు పదహారో వంతు, దానికి తోడు బెజ్జం మందం అడ్డు. అందుకే పరిచిన పేపరు మీద బొమ్మ దీర్ఘ చతురస్రంలా కాక, మధ్యలో విచ్చుకుని పక్కలకు సన్నబడిన కంటి ఆకారంలో కనిపిస్తుంది.

మామూలు ఫోటో పేపరు సున్నితత్వం ఐఎస్ఓ 6 దరిదాపుల్లో ఉంటుంది. 66 మి.మీ. దూరానికి 0.3 మి.మీ. బెజ్జమంటే ఎఫ్ 220. మంచి ఎండలో అర నిమిషం చాలు, మబ్బు పడితే నిమిషాలు పడుతుంది. ఎర్ర దీపం కింద డెవలప్ చేస్తే నెగెటివ్ చేతికొస్తుంది.

కనిపించని రెండో వృత్తం

ఈ టిన్నును నిటారుగా నిలబెట్టి ఫోటో తీస్తే కరెంటు స్తంభాలు, మినార్లు, గోడల నిలువు అంచులు నిటారుగానే వస్తాయి. బెజ్జం ఎత్తులో ఉన్న దిగంతం కూడా చెక్కుచెదరదు. వంకరపోయేవి దానికి పైనా కిందా ఉన్న అడ్డగీతలు. కెమెరాకు ఎదురుగా తిన్నగా సాగే పొడుగాటి ప్రహరీ గోడ ఎత్తు మధ్యలో ఉన్నదానితో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర సగమవుతుంది, 60 డిగ్రీల దగ్గర పావు వంతు. గోడ తిన్నగా ఉన్నా ఫోటోలో మధ్యన ఉబ్బి, రెండు పక్కలా కుచించుకుపోయినట్టు ఉంటుంది.

వరసగా నిలబడ్డ పిల్లల గ్రూప్ ఫోటోకూ ఇదే గతి. మధ్యవాళ్లు పెద్దగా, చివరివాళ్లు మరుగుజ్జుల్లా పడతారు. కెమెరా చుట్టూ సమాన దూరంలో నిలబెట్టినా తేడా పోదు, సగమే తగ్గుతుంది.

దీనికి మందు టిన్నులోనే ఉంది. లోపలి వృత్తం బెజ్జం మీదుగా వెళుతున్నట్టే, బయట నేల మీద కూడా కెమెరా మీదుగా వెళ్లే పెద్ద వృత్తం గీయాలి. కబడ్డీ కోర్టుకు గీసినట్టు తాడు, సున్నం చాలు. నాలుగు మీటర్ల వ్యాసంతో గీస్తే మధ్య పిల్లవాడు కెమెరాకు నాలుగు మీటర్లలో ఉంటాడు. 45 డిగ్రీల దగ్గర నిలబడ్డవాడు 2.8 మీటర్లలో, 60 డిగ్రీల దగ్గరివాడు రెండు మీటర్లలో ఉంటారు. అందరూ కెమెరా వైపు కాకుండా ఆ వృత్త కేంద్రం వైపు తిరిగి నిలబడితే, పరిచిన పేపరు మీద అందరూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. బయటి వృత్తం తలకిందులై, చిన్నదై లోపలి వృత్తం మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ఆ గీత మీద ఉన్నదేదీ వంకరపోదు.

వంపు తిరిగిన పలక మీద ఫోటో తీయడం కొత్త ఆలోచన కాదు. 1840ల మధ్యలోనే పారిస్‌లో ఫ్రెడ్రిక్ వాన్ మార్టెన్స్ తిరిగే లెన్సుతో, వంచిన డగెరోటైప్ రేకుల మీద 150 డిగ్రీల నగర దృశ్యాలు తీశాడు. అక్కడ వెలుగు వచ్చే చోటు వంపుకు కేంద్రంలో ఉంటుంది. అదే పద్ధతిని పిన్‌హోల్‌కు వాడి, బెజ్జాన్ని అర్ధవృత్తపు పేపరుకు కేంద్రంలో పెడితే గోడలు కుచించుకుపోవడం తగ్గుతుంది. వెలుగు మాత్రం 60 డిగ్రీల దగ్గర సగానికి పడిపోతుంది. డబ్బా మూతకు బెజ్జం పెట్టి గోడ చుట్టూ పేపరు చుట్టేవాళ్లూ ఉన్నారు. సాగదీసిన వింత బొమ్మలు కావలసిన వాళ్ల దారి అది.

మన సూర్యుడు టిన్నులో పడతాడా?

2000 సంవత్సరం ప్రాంతంలో పోలండ్‌కు చెందిన పవెల్ కూలా, స్వావోమిర్ డెట్సిక్, స్పెయిన్‌కు చెందిన దియేగో లోపెజ్ కాల్విన్ ఈ టిన్నులను నెలల తరబడి ఆరుబయట ఉంచి సూర్యుడి దారులు పట్టడం మొదలుపెట్టారు. దానికి సోలార్‌గ్రఫీ అని పేరొచ్చింది. పేపరును డెవలప్ చేయరు. ఎండకే అది నల్లబడి బొమ్మ తేలుతుంది, తీసిన వెంటనే స్కాన్ చేస్తారు. టిన్నును దక్షిణం వైపు నిలబెట్టి, డిసెంబరు నుంచి జూన్ దాకా వదిలేయాలన్న సలహా యూరప్‌లో పుట్టింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మధ్యాహ్న సూర్యుడు డిసెంబరులో 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. జూన్‌లో 62 దాటడు. పొడుగు టిన్నులో బెజ్జాన్ని కాస్త పైకి జరిపితే ఏడాది పొడవునా అందుతాడు.

హైదరాబాదులో ఆ సలహా పనికిరాదు. 17.4 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నిలబెట్టిన 330 మి.లీ. టిన్ను మధ్యలో 41 డిగ్రీల దాకానే చూస్తుంది. చలికాలంలో కూడా ఉదయం చాపం ఎడమన, సాయంత్రం చాపం కుడిన పడి, మధ్యాహ్నానికి ఇటూ అటూ దాదాపు గంటన్నర దారి పేపరు అందుకోలేక డబ్బా అడుగున పోతుంది. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు నేరుగా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య కాలంలో మధ్యాహ్నం ఉత్తరానికే జరుగుతాడు.

ఇక్కడ టిన్నును పడుకోబెట్టాలి. బెజ్జం ఆకాశం వైపు, టిన్ను పొడవు ఉత్తర దక్షిణాలుగా. అప్పుడు గుండ్రటి గోడ తూర్పు పడమరలుగా సాగుతుంది. సూర్యుడు తూర్పున 18 డిగ్రీల ఎత్తుకు వచ్చినప్పటి నుంచి పడమట 18 డిగ్రీలకు దిగేదాకా ఆ గోడ మీదే నడుస్తాడు. పొడవు దిక్కున టిన్ను నడినెత్తి నుంచి 41 డిగ్రీలు చూస్తుంది. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాదు సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి ఉండేది 40.8 డిగ్రీలు. వెంట్రుకవాసిలో సరిపోతుంది. బెజ్జాన్ని దక్షిణం కొస వైపు రెండున్నర సెంటీమీటర్లు జరిపితే కావలసినంత వెసులుబాటు దొరుకుతుంది. ఉత్తరానికి కావలసింది ఆరు డిగ్రీలే కాబట్టి అటు నష్టమేమీ లేదు. తిరుపతిలాంటి దక్షిణాది ఊళ్లలో ఈ ఇబ్బంది ఇంకా తక్కువ.

పైకి తిరిగిన బెజ్జంలో జూన్ వానలు నీళ్లు నింపుతాయి. అయితే డిసెంబరు 22న పెట్టి మే ఆఖరున తీసేసినా పోయేది పెద్దగా లేదు. అప్పటికే మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 41 డిగ్రీల నుంచి నడినెత్తి దాటి ఉత్తరాన నాలుగున్నర డిగ్రీల దాకా నడిచి ఉంటాడు. జూన్ 21 దాకా ఆగినా అదనంగా వచ్చేది ఒకటిన్నర డిగ్రీ, పేపరు మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు.